వయసు మళ్ళిన అమ్మకు పూలతోటలో తోడు: సంక్రాంతి నుంచి తొలకరి దాకా

అనంతపురంలో వసంతానికి వ్యవధి తక్కువ. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుంది. ఏప్రిల్ నడిమికి ఎండ నలభై డిగ్రీల దగ్గరకు వచ్చేస్తుంది. ఆ మధ్య దొరికే కొద్ది వారాల్లోనే మల్లె మొగ్గ తొడగాలి, బంతి విచ్చుకోవాలి. ఉగాది నాటికి గుమ్మానికి తోరణం, దేవుడికి దండ, అమ్మ తలలోకి మూరెడు పూలు పెరట్లోంచే రావాలి. అంగడిలో కొంటే పోదా అని మనకు అనిపించవచ్చు. జీవితమంతా తన చేత్తో పెంచిన పూలే దేవుడి ముందు పెట్టిన మనిషికి ఆ మాట రుచించదు.

బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసుకుంటూ, పండుగలకూ సెలవులకూ ఊరికి వచ్చే కొడుకులనూ కూతుళ్ళనూ మనసులో పెట్టుకుని ఇది రాస్తున్నాను. డెబ్బై దాటిన అమ్మకు మోకాళ్ళు వంగవు, బకెట్ లేవదు, చూపు మందగిస్తుంది. అప్పుడు మనం సాధారణంగా చేసే పని "ఇక చాలమ్మా, వదిలేయ్" అనడం. లేదంటే మనమే తోటలోకి దిగి మన ఇష్టం వచ్చినట్టు అంతా మార్చేయడం. నా దృష్టిలో రెండూ అమ్మకు నష్టమే. తవ్వడం, మోయడం, ఎత్తడం మనం తీసుకోవాలి. ఏది ఎక్కడ పెరగాలి, ఏది ఎప్పుడు కోయాలి అన్నవి అమ్మ చేతిలోనే ఉంచాలి. కింద చెప్పే పనులన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి.

ముందు అమ్మతో కలిసి తోటంతా చూడండి

పార పట్టుకునే ముందు ఒక ఉదయం అమ్మతో కలిసి పెరడంతా నెమ్మదిగా తిరగండి. ప్రతి మొక్క దగ్గరా ఆగి మూడు సంగతులు అడగండి. ఇది తప్పకుండా ఉండాలా? దీని పని చేయడం కష్టంగా ఉందా? దీని పూలు ఎవరికి, దేనికి? మూడో ప్రశ్నకు వచ్చే జవాబులోనే అసలు విషయం బయటపడుతుంది. మన కంటికి ఎండుకట్టెలా కనిపించే నందివర్ధనం రోజూ పూజకు పది పూలు ఇస్తూ ఉండవచ్చు. అందంగా ఉందని మనం తెచ్చి పెట్టిన క్రోటన్లకు అమ్మ లెక్కలో చోటే ఉండకపోవచ్చు.

అమ్మ చెప్పినవి ఒక కాగితం మీద రాసుకోండి. మా పెరడు పెద్దదేమీ కాదు. అయినా అమ్మ చెబుతూ పోతే మల్లె, కాగడా మల్లె, కనకాంబరం, బంతి, చామంతి, మందారం, నాటు గులాబీ, నందివర్ధనం, బిళ్ళగన్నేరు, మరువం అంటూ పేజీ నిండింది. వయసుతో పాటు తోట కూడా కొంచెం కుదించుకోవాలి. కానీ ఏది తగ్గించాలో తేల్చేది అమ్మే. రోజూ కావలసినవి, పండుగకు కావలసినవి, ఉన్నా లేకపోయినా ఫరవాలేనివి అని మూడు వరుసలుగా అమ్మ చేతే విడదీయించండి. మూడో వరుసలోనివి ఇరుగుపొరుగుకు ఇచ్చేయవచ్చు. తీసిపారేయడం కంటే ఎవరికో ఇవ్వడం అమ్మకు సులువుగా ఉంటుంది.

నడుస్తున్నప్పుడే అమ్మను కూడా గమనించండి. ఎక్కడ గోడ పట్టుకుంటోంది, ఏ మెట్టు దగ్గర ఆగుతోంది, ఏ మొక్క వైపు వెళ్ళకుండా పక్కకు తప్పుకుంటోంది? నోరు తెరిచి చెప్పని ఇబ్బందులు అడుగుల్లో తెలుస్తాయి.

సంక్రాంతి సెలవుల్లో చేయాల్సినవి

వసంతంలో పూసే తోటకు పని చలికాలంలోనే మొదలవుతుంది. సంక్రాంతికి ఎలాగూ ఇంటికి వస్తాం కాబట్టి ఆ సెలవులను వాడుకోవాలి.

అన్నిటికంటే ముందు మల్లె. కదిరి మల్లెలకు పేరున్న ప్రాంతం మనది. ఈ ఎర్రనేలలో, ఈ ఎండలో మల్లె బాగా వస్తుంది, కానీ కత్తిరింపు లేకపోతే ఆకు పెరిగి మొగ్గ తగ్గుతుంది. నవంబరు చివరి నుంచి డిసెంబరు వరకు కత్తిరింపుకు సరైన కాలం. అప్పుడు కుదరకపోతే సంక్రాంతికి తప్పకుండా పూర్తి చేయాలి. అంతకు మించి ఆలస్యమైతే తొలి కాపు ఎండల్లోకి జారిపోతుంది.

కత్తిరింపుకు పది పదిహేను రోజుల ముందు నుంచి నీళ్ళు ఆపమని అమ్మకు ఫోనులో చెప్పండి. చెట్టు కొంచెం వాడి ఆకు రాలుస్తుంది. మిగిలిన ఆకును చేత్తో దూసేయవచ్చు. తరువాత పదునైన కత్తెరతో మోకాలి ఎత్తుకు, అంటే నేల నుంచి 45, 50 సెంటీమీటర్ల దగ్గర, కొమ్మలన్నీ కత్తిరించండి. ఎండిన పుల్లలు, ఒకదాన్ని ఒకటి ఒరుసుకునే కొమ్మలు, నేల మీద పాకేవి మొదలంటా తీసేయండి. మొక్క మధ్యలోకి వెలుతురు దిగాలి. ఏ కొమ్మ ఉంచాలి, ఏది తీయాలి అన్నది అమ్మ కుర్చీలో కూర్చుని చెబుతుంటే మీరు కత్తిరించండి. ఏ కొమ్మ ఎప్పుడు ఎంత పూసిందో ఏళ్ళ తరబడి చూసిన మనిషి ఆమె.

కత్తిరించాక మొదలు చుట్టూ అడుగు దూరంలో మట్టిని పైపైన గుల్ల చేసి పాదు సరిచేయండి. పెద్ద మొక్కకు బాగా మాగిన పశువుల ఎరువు ఎనిమిది పది కిలోలు, గుప్పెడు వేప పిండి (నూనె తీయగా మిగిలే చెక్క) కలిపి మట్టి కప్పి, పాదు నిండా నీళ్ళు పెట్టండి. పచ్చి పేడ వేయవద్దు. అది వేరును కాలుస్తుంది, చెదలను పిలుస్తుంది. చిగుళ్ళు కనబడ్డాక వేరుశనగ చెక్క పిండిని నీళ్ళలో నాలుగైదు రోజులు పులియబెట్టి, పైతేట తీసి పదింతల నీళ్ళు కలిపి పోస్తే మల్లె చకచకా లేస్తుంది. వేరుశనగకు పుట్టినిల్లు లాంటి జిల్లాలో పిండికి కొదవ ఉండదు. దాన్ని పొడిగా మాత్రం చల్లవద్దు, చీమలు పడతాయి.

బంతి సంగతి తేలిక. విత్తనం వేసిన యాభై ఐదు, అరవై అయిదు రోజులకు పూస్తుంది కాబట్టి సంక్రాంతికి విత్తితే ఉగాది తోరణానికి అందుతుంది. ఉగాది ఏప్రిల్‌లో వచ్చే ఏడాది నెలాఖరు దాకా ఆగి విత్తండి. విత్తనాలు వెడల్పు తొట్టిలో వేసి అమ్మ కూర్చునే చోట బల్ల మీద పెడితే నారు సంగతి ఆమే చూసుకుంటుంది. మూడు నాలుగు వారాల నారును నాటే పని మనది. నాటిన కొద్ది రోజులకు నడి చిగురు తుంచితే పక్క కొమ్మలు వచ్చి పూలు పెరుగుతాయి, అయితే పూత వారం పది రోజులు వెనక్కి పోతుంది. పండుగ దగ్గర పడితే తుంచకుండా వదిలేయడమే మంచిది. అంగడిలో కొన్న హైబ్రిడ్ బంతి నుంచి దాచిన విత్తనం మరుసటి ఏడు అదే పువ్వు ఇవ్వదు. ఇంట్లో తరతరాలుగా వస్తున్న నాటు బంతి విత్తనం ఉంటే దాన్ని అమ్మ డబ్బాలోంచి తీసి వాడండి.

చామంతి పగలు తక్కువగా ఉండే రోజుల్లో పూసే మొక్క. పుష్య, మాఘ మాసాలతో దాని కాపు ముగుస్తుంది. పూలు అయిపోయిన కొమ్మలను జానెడు ఎత్తుకు కోసేసి, మొదట్లో వచ్చే పిలకలను కాపాడితే చాలు. వేసవంతా సగం నీడలో బతికించుకుని వానాకాలంలో నాటుకోవచ్చు.

వంగనక్కరలేని తోట

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ మేలు చేసేది ఈ మార్పే, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. తాడిపత్రి, బేతంచెర్ల వైపు నుంచి వచ్చే నాపబండలు మన దగ్గర ఏ వీధిలో చూసినా కనిపిస్తాయి. ఇల్లు కట్టినప్పుడు మిగిలినవి చాలా పెరళ్ళలో గోడకు ఆనించి ఉంటాయి. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బండ ఒకటి తీసుకుని, సిమెంటుతో కట్టిన ఇటుక దిమ్మెల మీద కదలకుండా వేస్తే కుండీలకు అరుగు తయారు. దిమ్మెలు పొడిగా పేర్చి వదిలేయవద్దు. అమ్మ దాని మీద చెయ్యి ఆనించి లేస్తుంది.

ఎత్తు ఎంత ఉండాలన్నది అంచనాతో తేల్చవద్దు. అమ్మను తను వాడే కుర్చీలో కూర్చోబెట్టి నేల నుంచి మోచేయి దాకా టేపుతో కొలవండి. కుండీ అంచు ఆ ఎత్తుకు రావాలి. చాలామంది ఆడవాళ్ళకు అది రెండడుగుల పైన మూడు నాలుగు అంగుళాలు ఉంటుంది. కుండీ అడుగు ఎత్తుదైతే అరుగు అడుగుంపావు ఎత్తున ఉంటే చాలు. మోకాళ్ళు బండకు తగలకుండా కుర్చీని పక్కగా వేసుకునే చోటు వదలండి. అరుగు ఉదయపు ఎండ తగిలి, మధ్యాహ్నం గోడ నీడ పడేలా తూర్పు వైపు ఉంటే ఇంకా మంచిది. నాపరాయి ఎండకు బాగా కాలుతుంది. కుండీల కింద ఇటుక ముక్కలు పెట్టి కొంచెం ఎత్తితే వేళ్ళకు ఆ వేడి తగలదు.

అన్నీ అరుగు మీదకు ఎక్కించలేం. మల్లె, మందారం, నందివర్ధనం నేలలోనే ఉండాలి. వాటి దాకా వెళ్ళే బాట రెండున్నర, మూడడుగుల వెడల్పు ఉండాలి. లేచిన బండలు, నాచు పట్టిన చోట్లు, బాటకు అడ్డంగా పాకే వేళ్ళు సరిచేయండి. కుళాయి దగ్గర నేల ఎప్పుడూ తడిగా ఉంటే అక్కడ గరుకు బండ వేయించండి. మెట్టు ఉన్నచోట గోడకు ఇనుప కమ్మీ బిగించండి, మెట్టు అంచుకు పసుపు రంగు గీత వేయండి. చూపు తగ్గిన కంటికి బూడిదరంగు మెట్టు, బూడిదరంగు నేల ఒకటిగానే కనబడతాయి.

కుర్చీకి చేతులు ఉండాలి. ఎక్కడికైనా మోసుకుపోయే ప్లాస్టిక్ ముక్కాలిపీట తేలికే అయినా లేచేటప్పుడు పట్టు దొరకదు. కత్తెర తేలికగా, స్ప్రింగుతో తనంతట తాను తెరుచుకునేదిగా ఉంటే వేళ్ళ కీళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకు హాయి. చిన్న పార పిడి సన్నగా ఉంటే పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి, పట్టు లావవుతుంది. పనిముట్లకు ఎరుపు గుడ్డ కట్టి, గోడకు అమ్మ భుజం ఎత్తులో మేకులకు తగిలించండి.

నీళ్ళు

జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అందులో వసంతంలో పడేది దాదాపు లేదనే చెప్పాలి. కాబట్టి నీటి ఏర్పాటు మనమే చేయాలి. ఇరవై లీటర్ల బకెట్ అంటే ఇరవై కిలోల బరువు. దాన్ని అమ్మ మోయకూడదు. ఎంత వద్దన్నా మనం లేనప్పుడు మోస్తుంది కాబట్టి పెద్ద బకెట్లను అసలు పెరట్లోనే ఉంచవద్దు. మొక్కలకు నీళ్ళు పోసే మూడు లీటర్ల క్యాన్లు రెండు చాలు.

కొంచెం సమకూర్చుకోగలిగితే డ్రిప్ పెట్టండి. అనంతపురం రైతుకు డ్రిప్ కొత్త కాదు, సామాన్లు అమ్మే దుకాణాలకు కొరత లేదు. పెరటికి 200 లీటర్ల డ్రమ్మును మూడడుగుల దిమ్మె మీద నిలిపి, దానికి 16 మిల్లీమీటర్ల పైపు, మొక్క మొక్కకూ గంటకు నాలుగు లీటర్లు వదిలే డ్రిప్పరు తగిలిస్తే అమ్మ చేయాల్సింది వాల్వు తిప్పడం మాత్రమే. డ్రమ్ము నుంచి వచ్చే ఒత్తిడి తక్కువ కాబట్టి నీరు కొంచెం నిదానంగా పడుతుంది, ఒకటి రెండు వారాలు చూసి సమయం సర్దుకోవాలి. వాల్వు నడుము ఎత్తులో, వేళ్ళకు నొప్పి పుట్టకుండా తిరిగే పొడవు పిడిది పెట్టించండి. డ్రమ్ము మీద మూత, దోమల వల తప్పనిసరి. పైపును బాట దాటించాల్సి వస్తే మట్టిలో పూడ్చండి. పరచి వదిలిన పైపు కాలికి తగిలి పడినవాళ్ళు ఎందరో. మామూలు పైపుతో నీళ్ళు పెట్టే ఇళ్ళలో కూడా పని కాగానే చుట్టి కొక్కేనికి వేయడం అలవాటు చేయాలి.

మన బోరు నీళ్ళు గట్టివి. కుండీ అంచున తెల్లగా పేరుకునేది ఆ ఉప్పే. డ్రిప్పర్లు మూసుకుపోయేది కూడా దానివల్లే. వాటిని అప్పుడప్పుడు ఊడదీసి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెడితే తెరుచుకుంటాయి. బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు మొక్కలకు మంచివి. ఏసీ నుంచి కారే నీళ్ళలో ఉప్పు ఉండదు, కుండీలకు అవి శ్రేష్ఠం. నీటి శుద్ధి యంత్రం బయటకు వదిలే నీళ్ళు మాత్రం పోయవద్దు, బోరు నీళ్ళలోని ఉప్పంతా వాటిలోనే చిక్కబడి ఉంటుంది. పొదుపు కోసం అమ్మ వాటిని పడుతూ ఉంటే బాట కడగడానికి వాడమనండి.

ఎంత పోయాలి అన్నదానికి వేలే కొలత. మట్టిలో రెండు అంగుళాల లోతున తడి ఉంటే ఆగండి, పొడిగా ఉంటే పోయండి. మార్చిలో నేలలోని మల్లెకు మూడు నాలుగు రోజులకోసారి నిండుగా పోయడం, రోజూ గ్లాసెడు పోయడం కంటే మేలు. పాదుల మీద రెండు అంగుళాల మందాన వేరుశనగ పొట్టు పరిస్తే తడి నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, వంగి పీకే పని తప్పుతుంది. మొదలుకు బెత్తెడు దూరం వదిలి పరవండి. పొట్టు కింద చెదలు కనబడితే తీసి వేప పిండి చల్లండి.

కనకాంబరం, మిగతావి

కనకాంబరం అమ్మలకు సరిపోయే మొక్క. సగం నీడలోనూ పూస్తుంది, కుండీలో ఒదుగుతుంది, ముల్లు లేదు, అరుగు మీద పెడితే కూర్చునే కోసుకోవచ్చు. ఫిబ్రవరిలో ఎండిన కంకులన్నీ తుంచి, గుప్పెడు మాగిన ఎరువు వేస్తే కొత్త కంకులు వస్తాయి. కంకిలో పూలు కింది నుంచి పైకి విచ్చుకుంటాయి కాబట్టి రోజు మార్చి రోజు కోస్తే సరిపోతుంది. దీనికి వేళ్ళలో నులిపురుగుల బెడద ఎక్కువ. మొక్క గిడసబారి, పీకి చూస్తే వేళ్ళు బుడిపెలు కట్టి ఉంటే అదే. ఆ మట్టిని మార్చేయాలి. నేలలో పెంచేవాళ్ళు కనకాంబరం మడి చుట్టూ బంతి వేస్తే ఆ పురుగుల ఉద్ధృతి తగ్గుతుంది. మనవలు వచ్చి ఉంటే ఎండిన కనకాంబరం కాయలను నీళ్ళ గిన్నెలో వేయమనండి. తడి తగలగానే చిట్లి గింజలు ఎగిరిపడతాయి. పిల్లలను తోటలో నాయనమ్మ పక్కన కూర్చోబెట్టడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు. ఢిల్లీ కనకాంబరానికి గింజ కట్టదు, దాన్ని కొమ్మలతోనే పెంచుకోవాలి.

మందారాన్ని ఫిబ్రవరిలో మూడో వంతు కత్తిరించండి. నాటు గులాబీలో వాడిన పువ్వును కిందనున్న అయిదు రెబ్బల ఆకు దాకా తీసేస్తే కొత్త మొగ్గ వస్తుంది. ముళ్ళ కారణంగా గులాబీ పని మీరు చేయడమే మేలు. బిళ్ళగన్నేరును పట్టించుకోనక్కరలేదు, నీళ్ళు ఎక్కువైతేనే దానికి ప్రమాదం. ఎర్ర గన్నేరు ఉంటే దాని ఆకూ పువ్వూ పాలూ అన్నీ విషమే అని గుర్తుంచుకోండి. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో అది గోడ అవతల ఉండాలి, కోసిన కొమ్మలు పశువుల నోటికి అందకూడదు.

ఆకు పసుపైతే, పురుగు పడితే

మల్లె లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో, గట్టి నీళ్ళు పోసే చోట్ల ఇది మామూలే. లీటరు నీళ్ళకు అయిదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకుల మీద పిచికారీ చేయండి. రంగు తిరగకపోతే రెండు వారాలు ఆగి మళ్ళీ కొట్టండి. అన్నభేది మరక బట్టకూ బండకూ పట్టి వదలదు, పాత బట్టలు వేసుకోండి.

ఎండలు ముదిరేకొద్దీ ఆకు అడుగున ఎర్రనల్లి చేరుతుంది. మందారం చిగుళ్ళకు పిండినల్లి పడుతుంది. రెంటికీ మొదటి మందు నీళ్ళే. పైపుతో ఆకుల అడుగు భాగానికి తగిలేలా గట్టిగా కొట్టండి. తగ్గకపోతే లీటరు నీళ్ళకు అయిదు మిల్లీలీటర్ల వేప నూనె, కొద్దిగా సబ్బు నీళ్ళు కలిపి ఎండ దిగాక పిచికారీ చేయండి. పిండినల్లిని మోసుకొచ్చేది చీమలే కాబట్టి చీమల బారు ఎక్కడి నుంచి వస్తోందో చూసి ఆపండి. మల్లె మొగ్గకు రంధ్రం ఉంటే లోపల పురుగు ఉన్నట్టే, ఆ మొగ్గలను ఏరి నాశనం చేయాలి. ఘాటైన రసాయన మందుల జోలికి పోవద్దు. ఆ పూలు దేవుడి దగ్గరికీ జడలోకీ వెళ్తాయి, ఆ చేతులే తరువాత అన్నం కలుపుతాయి. అంతుచిక్కని తెగులైతే ఒక కొమ్మ కోసుకుని అనంతపురం దగ్గర రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రంలో చూపించి అడగవచ్చు.

అమ్మ ఒంటి సంగతి

తోట పని తెల్లవారిన తరువాత, ఎనిమిదిన్నర లోపు ముగియాలి. సాయంత్రమైతే అయిదు దాటాక. వయసు పైబడితే దాహం సరిగా తెలియదు, అందుకే దప్పికయ్యే దాకా ఆగకుండా కుర్చీ పక్కనే మజ్జిగో రాగి అంబలో పెట్టి మధ్యమధ్యలో తాగించాలి. డాక్టరు ఉప్పు, నీళ్ళు తగ్గించమని చెప్పిన గుండె, కిడ్నీ జబ్బులవాళ్ళకు ఆ లెక్కే పాటించాలి.

రక్తపోటు మాత్రలు వేసుకునేవాళ్ళకు వంగి లేచినా, కూర్చుని చటుక్కున లేచినా కళ్ళు తిరగవచ్చు. లేచి నిలబడి, కుర్చీ పట్టుకుని పది అంకెలు లెక్కపెట్టాకే అడుగు వేయమనండి. షుగరు ఉన్నవాళ్ళు ఖాళీ కడుపుతో తోటలోకి వెళ్ళకూడదు, వట్టి కాళ్ళతో అసలు నడవకూడదు. కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియని స్థితి ఉంటుంది. వెనక పట్టీ ఉన్న మెత్తని చెప్పులు తోట గుమ్మం దగ్గరే ఉంచండి, పని అయ్యాక అరికాళ్ళు మీరే కడిగి చూడండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే చిన్న గీత కూడా చాలాసేపు కారుతుంది, గులాబీ జోలికి పోనివ్వవద్దు. కంటి ఆపరేషన్ జరిగి ఉంటే డాక్టరు అనుమతించే దాకా మట్టి, దుమ్ము పని వద్దు. అంతవరకు చూసి చెప్పే పని చాలు.

రాలిన ఆకుల కుప్పలు, పేర్చిన ఖాళీ కుండీలు గోడ మూలన ఉంచవద్దు, తేళ్ళూ పాములూ అక్కడే చేరతాయి. కుండీ జరిపే ముందు కర్రతో తట్టాలి. ఎండలో ఉన్న అమ్మ మాట తడబడినా, తికమకగా మాట్లాడినా, ఒళ్ళు కాలిపోతున్నా వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తూ 108కి ఫోను చేయండి. తెలివిలో లేనప్పుడు నోట్లో నీళ్ళు పోయవద్దు.

పూలు కోయడం, కట్టడం మాత్రం అమ్మ దగ్గర నుంచి తీసుకోవద్దు. మల్లె మొగ్గ పాలిపోయి ఉబ్బినప్పుడు, విచ్చకముందే కోయాలని ఆమె వేళ్ళకు తెలుసు. ముడి వేయడం కష్టమైతే పెద్ద కన్ను సూది, లావు దారం ఇవ్వండి, దండ గుచ్చుకుంటుంది. సూదిలో దారం ఎక్కించి పెట్టడం మీ పని. నాలుగైదు సూదులు ఒకేసారి ఎక్కించి స్పాంజికి గుచ్చి ఉంచితే ఎవరినీ పిలవాల్సిన అవసరం ఆమెకు రాదు.

మీరు ఊళ్ళో లేనప్పుడు

వారానికి ఒకటి రెండు పూటలు వచ్చే మనిషిని కుదర్చండి. కలుపు, తవ్వకం, డ్రమ్ము నింపడం వారి పని. జీతం మీరు పంపినా, పని చెప్పేది అమ్మే అని ఆ మనిషికి మొదటి రోజే స్పష్టం చేయాలి. మీరు ఫోనులో నేరుగా పురమాయించడం మొదలుపెడితే అమ్మ తన పెరట్లోనే పరాయిదవుతుంది.

అమ్మతో ఫోనులో మాట్లాడేటప్పుడు "పడ్డావా, అలిసిపోయావా" అని కాక "కాగడా మల్లె ఎంతవరకు వచ్చింది, బంతికి రంగు తిరిగిందా" అని అడగండి. ఆరోగ్యం కూడా ఆ జవాబుల్లోనే తెలిసిపోతుంది. రోజూ చూసే మొక్క గురించి రెండు రోజులుగా ఏమీ చెప్పలేకపోతే ఆమె పెరట్లోకి వెళ్ళడం లేదన్నమాట. కారణం కనుక్కోవాలి. మతిమరుపు మొదలైన తల్లులకు డ్రిప్ వాల్వు పక్కన పెద్ద అక్షరాల క్యాలెండరు కట్టి, నీళ్ళు పెట్టిన రోజు చుక్క పెట్టుకునే అలవాటు చేస్తే ఒకే మొక్కకు పదే పదే పోయడం తప్పుతుంది.

ఏప్రిల్ నుంచి తొలకరి దాకా

ఉగాది దాటాక కుండీల మీద సగం ఎండను ఆపే పచ్చని వల కట్టండి. తలకు తగలకుండా, గాలి ఆడేలా ఏడడుగుల ఎత్తున ఉండాలి. మల్లెకు వల అవసరం లేదు, దానికి ఎండే బలం. కనకాంబరం, చామంతి పిలకలు, మరువం వల కిందకు రావాలి. కాపు అయిపోయిన బంతిని మొండిగా బతికించవద్దు. విత్తనానికి రెండు మూడు పూలు వదిలి మిగతాది పీకి ఎరువు గుంతలో వేయండి. పీకాలా వద్దా అని అమ్మను ఒక మాట అడిగి పీకండి. మే నెలలో అమ్మ పని తగ్గించి నీళ్ళ వాల్వు, సాయంత్రం మల్లెలు ఈ రెండే ఉంచండి.

జూన్, జూలైలో వాన తగిలి నేల మెత్తబడ్డాక మల్లెకు రెండో విడత ఎరువు వేయాలి. కొత్త మొక్కలు కట్టడానికి కూడా అదే అదను. నేలకు దగ్గరగా ఉన్న ముదురు కొమ్మను వంచి, ఒక కణుపు దగ్గర బెరడు కొంచెం గీరి, మట్టిలో పూడ్చి పైన రాయి పెడితే రెండు మూడు నెలల్లో వేళ్ళు వస్తాయి. మల్లె అంటు ఇస్తానని అమ్మ ఈపాటికే ఎవరెవరికో మాట ఇచ్చి ఉంటుంది. ఆ పేర్లన్నీ ముందుగా అడిగి రాసుకుని, ఒకటి రెండు ఎక్కువే పూడ్చండి.